గ్యాసు పెరిగితే మన కరువు భత్యం ఆగాలట! మరి తగ్గినప్పుడు ఏమైంది?



మన బొమ్మనహళ్ళి ప్రాంతంలోని ఒక మిల్లులో (పేరు ఇక్కడ రాయడం లేదు, అక్కడ పనిచేసేవాళ్ళకు తెలుసు) గేటు పక్క నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ ఒక కాగితం అంటించారు. మనవాళ్ళలో చాలామందికి కన్నడం మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు. ఫినిషింగ్ సెక్షనులో పనిచేసే ఒక చెల్లెలు దాన్ని ఫోనులో ఫోటో తీసుకొని, షిఫ్టు దిగినాక నేరుగా యూనియన్ ఆఫీసుకు వచ్చింది. "ఇందులో ఏముందో కాస్త చెప్పన్నా" అంది. ఉన్నది ఇంతే. బాయిలరుకూ స్టెంటరుకూ వాడే గ్యాసు ధర కంపెనీ భరించలేని స్థాయికి పోయిందట. కాబట్టి ఈ సంవత్సరం చట్టం తప్పనిసరి చేసినదానికి మించి ఎవరూ ఏమీ ఆశించవద్దట, అందరూ సహకరించాలట.

చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకొని, "మా ఇంట్లో గ్యాసు కూడా పెరిగింది గదన్నా. నేనెవరికి నోటీసు అంటించాల?" అని అడిగింది.

ఆఫీసులో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు చెప్పడానికి మన దగ్గర సరైన జవాబు లేదు. మన కమిటీలోనే కొందరు పెద్దలు, "గ్యాసు ధర ప్రభుత్వాలు చూసుకునే సంగతి, డాలర్ల సంగతి, మన పని జీతాల సంగతి" అని అంటూ వచ్చారు. జీతం ఆపడానికి యాజమాన్యం గ్యాసును సాకుగా తెచ్చిన రోజే అది మన సంగతి అయిపోయింది. వాళ్ళు డాలర్ల భాషలో మాట్లాడితే మనం ఆ భాష నేర్చుకోక తప్పదు. అంత కష్టమైనదేమీ కాదు, ఓపికగా చదవండి.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. యాజమాన్యం చెప్పేదంతా అబద్ధమని నేను రాయను. మిల్లుల్లో వాడే గ్యాసులో ఎక్కువ భాగం ఓడల మీద వచ్చే దిగుమతి గ్యాసు. దాన్ని చల్లబరిచి ద్రవంగా చేసి కతార్ వంటి దేశాల నుండి తెస్తారు, పడమటి తీరంలో దించుకొని మళ్ళీ ఆవిరి చేసి గొట్టంలోకి ఎక్కిస్తారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత, 2022 మార్చిలో, ఆసియా మార్కెట్టులో ఈ గ్యాసు స్పాట్ ధర ఒక దశలో యూనిట్టుకు 80 డాలర్లు దాటింది. గుజరాత్‌లోని మోర్బీలో టైల్సు ఫ్యాక్టరీల వాళ్ళు ఆ సంవత్సరం ఆగస్టులో నెల రోజులపాటు బట్టీలు ఆర్పేసుకున్నారు. ఆ నెల అక్కడి కూలీల పొయ్యిలు ఎట్లా వెలిగాయో ఏ పత్రికా పెద్దగా రాయలేదు. కనుక గ్యాసు ధర పెరిగితే మనకేమని అనుకోవడానికి వీల్లేదు. బాయిలరు ఆగితే మన పనీ ఆగుతుంది.

కానీ ధర పెరిగిన సంవత్సరాన్ని మాత్రమే గుర్తుపెట్టుకొని, ధర పడిపోయిన సంవత్సరాన్ని మరిచిపోతే అది లెక్క కాదు, మోసం. 2020ని గుర్తుచేసుకోండి. ఆ సంవత్సరం ఏప్రిల్ చివర అదే స్పాట్ గ్యాసు యూనిట్టుకు 2 డాలర్ల కంటే కిందికి దిగింది. మన దేశపు పాత బావుల గ్యాసుకు ప్రభుత్వం కట్టిన ధర ఆ అక్టోబరులో 1.79 డాలర్లు. అంత తక్కువ ధర అంతకు ముందు చాలా ఏళ్ళలో లేదు. యాజమాన్యాల వాదన నిజమైతే ఆ సంవత్సరం మన చేతికి ఏదో ఒకటి అదనంగా రావాలి గదా? వచ్చిందేమిటి? ధరల సూచిక ప్రకారం 2020 ఏప్రిల్ నుండి నెలకు రూ. 417 కరువు భత్యం పెరగాలి. దాన్ని వాయిదా వేయమని యజమానుల సంఘాలు అడిగాయి. జూలై 20న కర్ణాటక ప్రభుత్వం సరేనంటూ ఉత్తర్వు ఇచ్చింది. యూనియన్లు కోర్టుకు పోతే సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అయినా చాలా ఫ్యాక్టరీలలో ఆ బకాయిలు 2022 వచ్చేదాకా కార్మికుల చేతికి చేరలేదు.

అప్పుడు చెప్పిన కారణం, ఆర్డర్లు రద్దయ్యాయని. నిజమే, లాక్‌డౌన్‌లో ఆర్డర్లు రద్దయ్యాయి. అందుకే మనవాళ్ళు చాలామంది హిందూపురం, కదిరి, మదనపల్లి వైపు బస్సులు లేక నడిచి పోయారు. ఆర్డర్లు తిరిగి వచ్చిన తర్వాత కారణం మాత్రం మారింది. ఒకసారి నూలు ధర, ఒకసారి డాలరు విలువ, ఇప్పుడు గ్యాసు. సాకు మారుతుందిగానీ దాని కింద ఆగిపోయేది ఎప్పుడూ ఒక్కటే. పాతవాళ్ళకు గుర్తుంటుంది, బిన్నీ మిల్లుకూ మినర్వా మిల్లుకూ రాజా మిల్లుకూ చివరి రోజుల్లో నష్టాల పాటే వినిపించింది. రాజా మిల్లు ఉన్న చోట ఈ రోజు మాల్ ఉంది. బిన్నీ మిల్లు చోట ఆకాశాన్నంటే ఇళ్ళు ఉన్నాయి. భూమికి మాత్రం నష్టం రాలేదు.

ఇక డాలర్ల సంగతికి వద్దాం. గ్యాసును కిలోల్లో అమ్మరు, అందులో ఉండే వేడిని బట్టి అమ్ముతారు. ఆ కొలతను ఎం.ఎం.బి.టి.యు. అంటారు. మన ఇళ్ళ మీటర్లో కనిపించే ఘనపు మీటర్లలో చెప్పాలంటే అది సుమారు 27 ఘనపు మీటర్లు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం చేసింది. పాత బావుల నుండి వచ్చే గ్యాసు ధరను క్రూడాయిలు ధరలో పదో వంతుగా కట్టాలి, అది 4 డాలర్లకు తగ్గకూడదు, 6.5 డాలర్లకు మించకూడదు, రెండేళ్ళ తర్వాత ఏడాదికి పావు డాలరు చొప్పున పై హద్దు పెరుగుతుంది. అట్లాగే 2025 ఏప్రిల్‌లో పై హద్దు 6.75 అయింది. ఆనాటి డాలరు విలువతో 6.5 డాలర్లను లెక్కవేస్తే బావి దగ్గర ఘనపు మీటరు గ్యాసు ధర 20 రూపాయలకు కాస్త తక్కువే. మన వీధి దాకా వచ్చేసరికి అది రెట్టింపు దాటుతుంది. మధ్యలో గొట్టపు అద్దె, పంపిణీ కంపెనీ లాభం, పన్ను ఉన్నాయి.

పన్ను గురించి ఒక్క మాట. 2017 జూలైలో జి.ఎస్.టి. తెచ్చినప్పుడు సహజవాయువును అందులో కలపలేదు. పాత పద్ధతిలోనే రాష్ట్రాలు వ్యాట్ వసూలు చేసుకుంటున్నాయి. దారం కొన్నా రంగు కొన్నా మిల్లు కట్టిన పన్ను వెనక్కి సర్దుబాటు అవుతుంది, గ్యాసు మీద కట్టిన వ్యాట్ అట్లా సర్దుబాటు కాదు. ఇది యజమానులకు నిజమైన బాధే. మరి ఆ బాధను ఢిల్లీలోనూ విధానసౌధలోనూ చెప్పుకోవాలా, లేక మెషీను ముందు నిలబడి కాజాలు కుట్టే ఆడమనిషి జీతంలోంచి కోసుకోవాలా? పెద్దవాళ్ళతో పంచాయితీ పెట్టుకోవడం కష్టం, మనతో సులభం. ఉన్న విషయం అది.

ఆ గ్యాసు ఎక్కడిది అన్నది కూడా మనకు, ముఖ్యంగా తెలుగువాళ్ళకు, తెలియాలి. దిగుమతి గ్యాసు సంగతి అట్లా ఉంచితే, దేశంలో దొరికే గ్యాసులో పెద్ద వాటా కృష్ణా గోదావరి నదుల మొగల దగ్గర, నేలలోనూ సముద్రం అడుగునా ఉంది. దాని కోసం మన జిల్లాలు చెల్లించిన ధర ఏ డాలర్ల సూత్రంలోనూ లేదు. 1995 జనవరి 8న పాసర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి బద్దలై మార్చి నడుమ దాకా, రెండు నెలలకు పైగా, పగలూ రాత్రీ మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలి, నిద్రలో ఉన్నవాళ్ళూ టీ కాచుకుంటున్నవాళ్ళూ 20 మందికి పైగా కాలి చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి.

అదే తీరానికి ఎదురుగా సముద్రంలో రిలయన్స్ వాళ్ళ డి6 క్షేత్రం 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఇవ్వడం మొదలుపెట్టింది. కాకినాడ నుండి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టం వేసి తీసుకుపోయారు. యూనిట్టుకు 4.2 డాలర్లు అని 2007లోనే ప్రభుత్వం ఒప్పుకున్న ధర. ఏడాదిన్నర తిరగకుండానే ఉత్పత్తి పడిపోవడం మొదలైంది. మరోవైపు ధర రెట్టింపు చేయాలనే ఒత్తిడి పెరిగింది. 2012 అక్టోబరులో మన జైపాల్ రెడ్డిగారిని పెట్రోలియం శాఖ నుండి తప్పించి వేరే శాఖకు పంపారు. ఎందుకు పంపారని అప్పట్లో పెద్ద దుమారమే లేచింది. 2013లో, కర్ణాటక నుండే వెళ్ళిన వీరప్ప మొయిలీగారు మంత్రిగా ఉండగా, ధరను సుమారు 8.4 డాలర్లకు చేర్చే సూత్రాన్ని మంత్రివర్గం ఆమోదించింది. ఎ.ఐ.టి.యు.సి. నాయకుడు గురుదాస్ దాస్‌గుప్తా దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చివరకు 2014 ఎన్నికలు రావడంతో అది ఆగింది. గ్యాసు ధర కార్మిక సంఘాల సంగతి కాదనే మన పెద్దలు ఈ పేరొకసారి గుర్తుచేసుకోవాలి.

ఇంకొక సంగతి. సహజ వనరులు ప్రజలవి, ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తగా మాత్రమే చూసుకుంటుంది అని సుప్రీంకోర్టు 2010 మే 7న అంబానీ సోదరుల గ్యాసు కేసులో తేల్చింది. ప్రజలవి సరే. ఆ ప్రజల్లో హొంగసంద్ర వఠారంలో బాడుగకు ఉండే కదిరి మనిషి ఉన్నాడా లేడా?

ఇప్పుడు హోసూరు రోడ్డు దాటి చూద్దాం. కొంకణ్ తీరంలోని దభోల్ నుండి బెంగళూరు దాకా వెయ్యి కిలోమీటర్ల గొట్టం 2013లో నడవడం మొదలైంది. 2015లో గెయిల్ గ్యాస్ సంస్థకు బెంగళూరులో పంపిణీ చేసే అనుమతి వచ్చింది. మొదట గొట్టాలు పడిన పేటల్లో మన పక్కనున్న హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ ఒకటి. అక్కడి వంటింట్లో మీటరు తిరుగుతుంది. సిలిండరు మోయనక్కరలేదు, బుక్ చేయనక్కరలేదు, అర్ధరాత్రి అయిపోతుందనే భయం లేదు. ఇంట్లో సమానంగా పోల్చుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. ఒక 14.2 కిలోల సిలిండరులో ఉండే వేడి సుమారు 17, 18 ఘనపు మీటర్ల గొట్టపు గ్యాసుతో సమానం. గొట్టపు గ్యాసు వచ్చే బంధువులు ఎవరైనా ఉంటే వాళ్ళ బిల్లులో ఉన్న ధరను 17తో హెచ్చించి చూడండి, మీ సిలిండరు ధర పక్కన పెట్టండి. అప్పుడు దాన్ని మీ వీధి చివర కిలో లెక్కన పట్టే గ్యాసు పక్కన కూడా పెట్టండి.

ఈ మూడోదే మన అసలు కథ. బొమ్మనహళ్ళి, హొంగసంద్ర, గార్వేభావిపాళ్య, మంగమ్మనపాళ్యల్లో ముప్ఫై నలభై స్థలంలో ఎనిమిది గదులూ పది గదులూ కట్టి బాడుగకు ఇచ్చే ఇళ్ళు ఎన్నో. గొట్టపు గ్యాసు కావాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి, అయిదారు వేలు డిపాజిట్ కట్టాలి, గోడకు తూట్లు పెట్టనివ్వాలి. రెండేళ్ళకొక గది మారే మనిషి కోసం ఏ ఓనరు చేస్తాడు? సరే, సిలిండరు కనెక్షన్ తీసుకుందామంటే ఇక్కడి చిరునామా కాగితం కావాలి. 2022 జూన్‌లో సిలిండరు డిపాజిట్టే 1,450 నుండి 2,200 చేశారు. కాగితాలు లేనివాళ్ళ కోసమే 5 కిలోల చిన్న సిలిండరును పెట్రోలు బంకుల్లో అమ్మడం 2013 అక్టోబరులో మొయిలీగారే మన బెంగళూరులో ప్రారంభించారు. మంచిదే, కానీ దాని ధర మార్కెట్టు ధర. ఇంటి సిలిండరు గ్యాసు కంటే కిలోకు బాగా ఎక్కువ పడుతుంది.

కనుక సందు చివర అంగడికే పోతాం. అక్కడ పెద్ద సిలిండరు నుండి చిన్న సిలిండరుకు పైపు పెట్టి పట్టిస్తారు. 2023 మార్చిలో బెంగళూరులో ఇంటి సిలిండరు ధర 1,105 రూపాయల 50 పైసలు, అంటే కిలో 78 రూపాయలు. ఆ రోజుల్లో మా సందులో నేనే కిలోకు నూరు దాటి ఇచ్చాను. తూకం సరిగా ఉందో లేదో అడిగే దిక్కు లేదు. అడిగితే "అట్లైతే ఏజెన్సీకి పో అన్నా" అంటాడు. పోలీసులు వచ్చినప్పుడు అంగడివాణ్ణి పట్టుకుపోతారు, వారం తర్వాత ఇంకొక అంగడి లేస్తుంది. అది ప్రమాదమని మనకు తెలియదా? పక్కగదిలో పసిపిల్లలు పడుకొని ఉండగా ఆ సిలిండరు మోసుకొచ్చే ప్రతి ఆడమనిషికీ తెలుసు.

అంటే ఒకే నియోజకవర్గంలో, ఒకే రోడ్డుకు అటూ ఇటూ, అందరికంటే ఎక్కువ ధర కట్టేది అందరికంటే తక్కువ జీతగాడు. దేశంలో చవకగా దొరికే గ్యాసును ముందు ఇళ్ళకూ వాహనాలకూ ఇవ్వాలి, తర్వాతే పరిశ్రమకు అనే వరుస 2014 నుండి అమల్లో ఉంది. వరుస న్యాయమైనదే. 2024 అక్టోబరులోనూ నవంబరులోనూ రెండుసార్లు ఆ చవక గ్యాసు వాటాలో సుమారు అయిదో వంతు చొప్పున కోత పెట్టినా, వరుస మాత్రం పోలేదు. కానీ "ఇల్లు" అంటే ప్రభుత్వం దృష్టిలో గొట్టం ఉన్న ఇల్లు. వఠారం గది ఆ లెక్కలో ఇల్లు కాదు.

"పేదవాళ్ళకు ఉజ్వల ఉంది గదా" అనేవాళ్ళున్నారు. ఉంది. 2016లో సాక్షాత్తు మే డే నాడే మొదలుపెట్టారు. 2021 ఆగస్టులో రెండో విడతలో వలస కార్మికులు సొంత ప్రకటన ఇస్తే చాలు, చిరునామా కాగితం అక్కరలేదని మార్చారు. అయితే కుటుంబంలో ఎవరి పేరునా కనెక్షన్ ఉండకూడదు. మన ఇళ్ళల్లో ఊరిలో అమ్మ పేరు మీదో అత్త పేరు మీదో చంద్రబాబుగారి కాలపు, 1999 నాటి, దీపం కనెక్షన్ ఉండనే ఉంది. కార్డులో మన పేరూ అక్కడే. ఆంధ్రలో 2024 దీపావళి నుండి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. తెలంగాణలో అదే సంవత్సరం ఫిబ్రవరి నుండి 500 రూపాయలకు సిలిండరు. ఇవన్నీ ఊరిలో ఉన్నవాళ్ళకు అందుతున్నాయి, అందనివ్వండి, మా అమ్మకు అందితే నాకూ సంతోషమే. కానీ బొమ్మనహళ్ళిలో అన్నం వండుకునే మనిషికి ఆంధ్రా ప్రభుత్వం "నువ్వు ఇక్కడ లేవు" అంటుంది, కర్ణాటక ప్రభుత్వం "నీ కార్డు ఇక్కడిది కాదు" అంటుంది.

బాడుగ ఇళ్ళవాళ్ళను గుర్తించడం సాధ్యం కాదని అధికారులు అంటే నమ్మకండి. 2023లో కర్ణాటక ప్రభుత్వం గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేసినప్పుడు, మొదట బాడుగవాళ్ళ సంగతి తేలలేదు. గొడవ జరిగింది. తర్వాత బాడుగ ఒప్పందమో ఓటరు కార్డో చూపితే చాలని చెప్పారు. కరెంటు మీటరుకు చేయగలిగినది గ్యాసు మీటరుకు ఎందుకు చేయలేరు?

ఇప్పుడు ఆ రూ. 417 దగ్గరికి మళ్ళీ రండి. 2020 నవంబరులో బెంగళూరులో ఇంటి సిలిండరు 600 రూపాయల లోపు ఉండేది. ఆ సంవత్సరం మే నుండే సబ్సిడీ మన ఖాతాల్లో పడడం ఆగిపోయింది. మార్కెట్టు ధర తగ్గింది కనుక సబ్సిడీ అక్కరలేదన్నారు. ధర మళ్ళీ పెరిగినప్పుడు మాత్రం సబ్సిడీ తిరిగి రాలేదు. 2023 మార్చి నాటికి 1,105.50 అయింది. ఒక్క సిలిండరు మీద 500 పెరుగుదల! కోర్టుకెక్కి, రెండేళ్ళు కొట్లాడి తెచ్చుకున్న కరువు భత్యం ఒక సిలిండరు పెరుగుదలకు చాలలేదు. తర్వాత 2023 ఆగస్టు చివర రాఖీ కానుకని 200 తగ్గించారు, 2024 మార్చిలో మహిళా దినోత్సవం కానుకని ఇంకొక 100 తగ్గించారు. ఆ రెండో కానుక వచ్చిన వారానికే లోక్‌సభ ఎన్నికల తేదీలు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో 50 పెంచినప్పుడు అది ఏ పండగ కానుకో ఎవరూ చెప్పలేదు.

ఇంకా లోతుగా చూస్తే ధరల సూచికలోనే చిక్కు ఉంది. లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల ధరల సూచిక తయారుచేస్తుంది. కార్మిక కుటుంబం 100 రూపాయలు ఖర్చుపెడితే అందులో తిండికి ఎంత, బాడుగకు ఎంత, వంటచెరకూ దీపానికీ ఎంత అని ముందే వాటాలు కడతారు. 2001 ప్రాతిపదికలో వంటచెరకు, దీపం వాటా 6.43. 2020లో కొత్తగా 2016 ప్రాతిపదిక తెచ్చి దాన్ని 5.50కి దించారు. 2016లో సర్వే చేశారు గనుక అప్పటి ఖర్చు అంతే అంటారు. అవును, అప్పుడు సబ్సిడీ ఉంది! సబ్సిడీ ఉన్న రోజుల కొలబద్దను సబ్సిడీ తీసేసిన సంవత్సరంలో అమలుకు తెచ్చారు. గ్యాసు ఎంత పెరిగినా సూచికలో దాని బరువు తక్కువ. ఇది కుట్ర అని నేననను. గుమాస్తాలు లెక్క సరిగానే వేసి ఉండవచ్చు. కానీ ఆ లెక్క ఫలితం ఎవరి జేబులో పడిందో చూడండి.

మన కమిటీలో ఇంకొక వాదన కూడా వచ్చింది. చవక దేశీయ గ్యాసులో మిల్లులకు కూడా వాటా ఇవ్వమని యజమానులతో కలిసి మనమూ అడుగుదాం, మిల్లు బాగుంటే మనమూ బాగుంటాం అని. ఫిరోజాబాద్ గాజు ఫ్యాక్టరీలను చూపించారు. తాజ్‌మహల్ మసిబారుతోందని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత, ఆ ప్రాంతపు పరిశ్రమలకు ప్రభుత్వం గ్యాసు ఏర్పాటు చేసింది. గాజు ఫ్యాక్టరీలకు మార్కెట్టు కంటే తక్కువ ధరకే ఇచ్చింది. నిజమే, పైవాళ్ళకు ఇష్టమైతే ఒక పరిశ్రమకు ప్రత్యేక ధర కట్టగలరని అది రుజువు. కానీ ఆ చవక గ్యాసు ఎక్కడి నుండి తీసి మిల్లుకు ఇస్తారు? ఇళ్ళ వాటాలోంచే. పొయ్యి కింద మంట తీసి బాయిలరు కింద పెట్టమని మన నోటితో మనం అడగలేం. గ్యాసును జి.ఎస్.టి.లో చేర్చాలనే డిమాండును బలపరుద్దాం, అందులో తప్పులేదు. అయితే దానివల్ల మిల్లుకు మిగిలినదాంట్లో మన వాటా ఎంతో ముందే రాతపూర్వకంగా తేల్చాలి. అంతేకాదు, గ్యాసు ఖర్చును చూపించి జీతం ఆపే ప్రతి యాజమాన్యం అయిదేళ్ళ గ్యాసు బిల్లులను, 2020తో సహా, కార్మిక ప్రతినిధుల ముందు పెట్టాలి. బిల్లు చూపించని నోటీసుకు విలువ లేదు.

మన వల్ల ఏమవుతుంది అనేవాళ్ళకు ఒకటే గుర్తుచేస్తాను. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పి.ఎఫ్.లో యజమాని వాటాను 58 ఏళ్ళ దాకా తీసుకోవడానికి వీల్లేదని ఉత్తర్వు వేసింది. ఏప్రిల్ 18న ఇదే బొమ్మనహళ్ళిలో, ఇదే హోసూరు రోడ్డు మీదికి గార్మెంట్సు ఆడవాళ్ళు వేలాదిగా వచ్చారు. ఏ యూనియనూ పిలుపు ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు యూనియన్లు వాళ్ళ వెనక పరుగెత్తాయి. మరునాడే, 19న, కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయగారు ఉత్తర్వు వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించారు.

ఇప్పుడు చేయవలసిన పని. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు యూనియన్ ఆఫీసులో కూర్చుంటున్నాం. సిలిండరు రసీదులు, బుకింగ్ మెసేజీలు, బాడుగ ఒప్పందం ఉంటే దాని నకలు తీసుకురండి. వఠారంలో ఎన్ని గదులున్నాయో, ఎందరికి కనెక్షన్ ఉందో రాసుకొని రండి. వాటితో వినతిపత్రం తయారుచేసి బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌కు తీసుకుపోతాం, నకలు గ్యాసు పంపిణీ సంస్థకూ ఇస్తాం. ఆడవాళ్ళు తప్పక రావాలి, ఈ లెక్క మగవాళ్ళకు తెలియదు.

ఫినిషింగ్ సెక్షను చెల్లెలు, "నా దగ్గర రసీదు ఎక్కడుందన్నా, అంగడివాడు ఇస్తాడా" అంది. గ్యాసు పట్టించిన ప్రతిసారీ తేదీ, కిలోలు, ఇచ్చిన డబ్బు వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకుంటుందట, రెండేళ్ళవి ఉన్నాయట. ఓనరు సున్నం కొట్టించేలోపల ఆ గోడను ఫోటో తీసి తెమ్మని చెప్పాం.